మొద్దు మీద మాయాబజార్!

ముసురు పట్టి మూడు రోజులైందా? అయితే పెరట్లో మూలన పడున్న కొబ్బరి మొద్దునో, గోడ వారన కుప్పేసిన కట్టెల్నో ఓసారి కదిపి చూడండి. చేత్తో కాదు సుమా, కర్రతో. తేలో జెర్రో ఉంటే ముందు దానికి దారివ్వాలిగా! ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఫోన్‌లో టార్చి వేసి, మొద్దు అడుగుభాగాన్ని అంగుళం అంగుళం వెతకండి. పసుపు నీళ్లు ఒలికినట్టు ఓ జిగట మరక. దాన్నుంచి నాలుగు వైపులకీ పాకిన సన్నటి దారాలు, రావాకు ఈనెల్లా. కనిపించిందా? ఇప్పుడా మొద్దుని అలాగే వదిలేసి వెళ్లి టిఫిన్ చేసి, పేపరు తిరగేసి, ఓ మూడు గంటలాగి మళ్లీ రండి. మరక అక్కడ ఉండదు. పక్కకి జరిగి ఉంటుంది!

అది నాచు కాదు. పుట్టగొడుగు కాదు. పురుగు అంతకన్నా కాదు. దాని పేరు జిగురుబూజు. ఇంగ్లిషులో స్లైమ్ మోల్డ్. ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లకి లీలగా గుర్తుండాలి. ప్రొటిస్టా పాఠంలో నాలుగు వాక్యాల్లో వచ్చి వెళ్లిపోతుంది. మహా అయితే రెండు మార్కుల ప్రశ్న. అందుకే దాన్ని బట్టీ కొట్టినవాళ్లు వేలల్లో ఉంటారు, కళ్లారా చూసినవాళ్లు మాత్రం పదుల్లో కూడా ఉండరు. నిజానికి చూసే ఉంటారు. చూశామని తెలియదంతే.

పేరులో బూజు ఉంది కానీ బూజుతో దీనికి చుట్టరికం లేదు. ఒకప్పుడు శాస్త్రజ్ఞులు కూడా శిలీంధ్రాల జాబితాలోనే వేశారు. తర్వాత్తర్వాత తెలిసిందేంటంటే, ఇది అమీబాకి దగ్గరి బంధువు. ఇప్పటిదాకా ప్రపంచమంతా వెతికితే దొరికిన జాతులు వెయ్యికి అటూఇటూ. ఎక్కువ భాగం ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటవు. అందుకే మన కాళ్ల కిందే ఉన్నా కంట పడవు. కెమెరాకో భూతద్దానికో చిక్కాయా... ఇక చూడాలి వాటి సోకు! రోజ్‌మిల్క్ రంగులో శనగ గింజలంత గుండ్రటి బంతులు కనిపిస్తే అది లైకోగాలా. లేతగా ఉన్నప్పుడు పుల్లతో గుచ్చితే గులాబీ రంగు పేస్టు బయటికొస్తుంది. ఎర్రటి పీచుమిఠాయిని గోరంత ముక్కలు చేసి పుల్లలకి గుచ్చినట్టుంటే ఆర్సీరియా. బంగారు రంగు జిలేబీని చెక్క మీద చుట్టినట్టుంటే హెమిట్రైకియా సర్పులా. చాక్లెట్ రంగు కుచ్చులు నల్లటి సన్నని కాడల మీద వరసగా నిలబడితే స్టెమోనైటిస్. తెల్లటి కాడ మీద నెమలి కంఠం రంగుతో మెరిసే డయేకియాని చూస్తే మాత్రం ఎవరికైనా ఓ క్షణం మాట పడిపోతుంది. సున్నపు కాలు, నీలాల కిరీటం. ఎత్తు మాత్రం ఆవగింజంత!

పేరు బాగాలేని అందగత్తె కూడా ఒకటుంది. ఫ్యూలిగో సెప్టికా. పచ్చసొన రంగులో ఆమ్లెట్టు పోసినట్టు రాత్రికి రాత్రే ప్రత్యక్షమవుతుంది. అమెరికాలో దీన్ని ముద్దుగా (!) కుక్కవాంతి అని పిలుస్తారు. 1973లో టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ శివార్లలో ఒకరింటి పెరట్లో ఇది లేచింది. పచ్చగా, మెత్తగా, రోజురోజుకీ పెరుగుతూ కనిపించేసరికి గ్రహాంతర జీవేదో దిగిందని జనం హడలిపోయారు. పత్రికలు పండగ చేసుకున్నాయి. అంతకు పదిహేనేళ్ల ముందే 'ద బ్లాబ్' అని మనుషుల్ని మింగే జిగురుముద్ద సినిమా ఒకటొచ్చింది మరి. చివరికి శాస్త్రజ్ఞులు వచ్చి, భయపడకండి, ఇది ఎవరినీ ఏమీ చేయదు అని సర్దిచెప్పాల్సి వచ్చింది. మెక్సికోలో కొన్నిచోట్ల మాత్రం ఇదే ఫ్యూలిగోని లేతగా ఉన్నప్పుడు వేయించుకుని తింటారట. ఎవరి రుచి వారిది. మనకి పూతరేకులున్నాయి, చాలు.

ఒకే కణం... చపాతీ అంత!

ఇంతకీ దీని జీవితం ఎలా గడుస్తుంది? అదో పెద్ద కథ. పొడిలాంటి సిద్ధబీజం ఒకటి గాలికి ఎగిరొచ్చి తడి చెక్క మీద పడుతుంది. పగిలి, అందులోంచి కంటికి కనిపించని అమీబా బయటికొస్తుంది. నీరు ఎక్కువగా ఉంటే తోక తగిలించుకుని ఈదుతుంది, నీరు తగ్గితే తోక తీసేసి పాకుతుంది. అనుకూలమైన జోడీ దొరికితే రెండూ కలిసి ఒకటైపోతాయి. ఇక్కడే మొదలవుతుంది మాయ. మామూలుగా కణం పెరిగితే రెండుగా విడిపోవాలి. ఇది విడిపోదు. లోపలి కేంద్రకం మాత్రమే రెండవుతుంది, నాలుగవుతుంది, వేలవుతుంది, లక్షలవుతుంది. బయటి పొర మాత్రం ఒక్కటే. అరచేయంత, అనువు కుదిరితే చపాతీ అంత పెరిగినా అది ఒక్కటంటే ఒక్కటే కణం! దాన్నే ప్లాస్మోడియం అంటారు. మనం మొద్దు కింద చూసిన పసుపు మరక అదే.

ఈ దశలో దానికి తిండి తప్ప మరో ధ్యాస ఉండదు. బ్యాక్టీరియా, ఈస్టు, బూజు తునకలు... ఏది ఎదురైతే దాన్ని చుట్టేసి అరిగించుకుంటూ పోతుంది. దాని దారాల్లోపల ద్రవం కాసేపు ముందుకి పరుగెడుతుంది, ఓ నిమిషం అటూఇటూగా ఆగి మళ్లీ వెనక్కి మళ్లుతుంది. యానాం దగ్గర గోదారి పాయలో ఆటుపోట్లు చూసినవాళ్లకి ఈ లయ వెంటనే అర్థమవుతుంది. ముందుకెళ్లేది కాస్త ఎక్కువ, వెనక్కొచ్చేది కాస్త తక్కువ. ఆ తేడాయే దాని నడక. గంటకో సెంటీమీటరు వేసుకోండి. హుషారుగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. ఎండ ముదిరి తడి ఆరిపోతే గట్టి పెచ్చులా ముడుచుకుని నిద్రపోతుంది. మళ్లీ వాన పడ్డాక, ఏం జరగనట్టు లేచి బయల్దేరుతుంది.

తిండి అయిపోయాక గానీ, వెలుతురు తగిలాక గానీ దాని మనసు మారుతుంది. చీకటినీ తడినీ వదిలి పైకి, పొడిగా ఉన్నచోటికి పాకుతుంది. ఓ రాత్రి మొత్తం ఒంటిని చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టుకుని, ఒక్కో చుక్కకీ కాడ పోసి, పైన గుండ్రటి తల నిలబెడుతుంది. స్టెమోనైటిస్ అయితే సాయంత్రానికి తెల్లటి ముత్యాలు, అర్ధరాత్రికి లేత గులాబీ, తెల్లారేసరికి ముదురు చాక్లెట్. ఆ తల పగిలితే మళ్లీ పొడి, మళ్లీ గాలి. ఇదంతా కొత్తగా నేర్చుకున్న విద్య కూడా కాదు. మయన్మార్‌లో దొరికిన పది కోట్ల ఏళ్లనాటి అంబర్ ముక్కలో, ఓ బల్లి కాలుతో పాటు చిక్కుకుపోయిన స్టెమోనైటిస్ కాడల్ని 2019లో శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. డైనోసార్లు తిరిగిన రోజుల్లోనూ అది అచ్చం ఇప్పుడున్నట్టే ఉంది!

జిగురుబూజుల్లో మరో తెగ ఉంది. ఇవి కలిసి ముద్దవ్వవు, తిండి ఉన్నంతకాలం విడివిడి అమీబాలుగానే మట్టిలో బతికేస్తాయి. కరవు రాగానే వేల అమీబాలు ఒకచోటికి చేరి, చిన్న గొంగళిలా పాకి, కాడా తలా కడతాయి. కాడ కట్టే పని పడినవి, దాదాపు అయిదింట ఒక వంతు, అక్కడే చచ్చిపోతాయి. తలలో ఉన్నవి బతికి బట్టకడతాయి. ఎవరు త్యాగం చేయాలో ఎలా తేలుతుంది? బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో విద్యానంద్ నంజుండయ్య ఏళ్ల తరబడి ఈ ప్రశ్న వెంట పడ్డారు. ఆయన బృందం ముదుమలై అడవిలో మట్టినీ జంతువుల పేడనీ సేకరించి మరీ ఈ అమీబాల్ని వెతికింది.

రైలు మార్గం గీసిన జిగురు

మెదడు లేనిదానికి తెలివెక్కడిది అనుకోకండి. జపాన్ శాస్త్రజ్ఞుడు తొషియుకి నకగాకి 2000లో ఓ పని చేశారు. చిన్న చిక్కుదారుల పెట్టె చేయించి, దాని నిండా ఫైసేరం అనే పసుపు జిగురుబూజు పరిచి, రెండు కొసల్లో ఓట్స్ పెట్టారు. కాసేపటికి అది అడ్డదారుల్లోంచి, మూసుకుపోయిన సందుల్లోంచి తన ఒంటిని వెనక్కి లాగేసుకుంది. రెండు ఓట్స్ ముక్కల్నీ కలుపుతూ ఒక్క దారం మిగిలింది. కొలిస్తే అదే దగ్గరి దారి! పదేళ్ల తర్వాత మరో బృందంతో కలిసి ఇంకా పెద్ద సాహసం. టోక్యో చుట్టుపక్కల 36 ఊళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడక్కడ ఓట్స్ పెట్టి, టోక్యో ఉన్నచోట జిగురుబూజుని వదిలారు. కొండలున్నచోట వెలుతురు పడేలా చేశారు, దానికి వెలుతురంటే పడదు కాబట్టి. ఇంజినీర్లు దశాబ్దాలు తలలు బద్దలుకొట్టుకుని వేసిన రైల్వే వ్యవస్థకి దీటైన వలని అది 26 గంటల్లో అల్లేసింది. ఇదంతా సైన్స్ పత్రికలో 2010లో వచ్చింది. కోటిపల్లి నుంచి నర్సాపురానికి రైలు కోసం రెండు దశాబ్దాలు దాటి ఎదురుచూసిన కోనసీమ వాసులకి ఈ వార్త చదివితే ఏమనిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు. అయితే భూసేకరణ, వంతెనలు, నిధులు... వీటి గురించి జిగురుబూజుకి బెంగ లేదు, అదీ ఒప్పుకోవాలి.

ఫ్రాన్స్‌లో తూలూజ్ నగరానికి చెందిన ఓద్రే దుసుతూర్ 2016లో ఇంకో సంగతి రుజువు చేశారు. తిండికి వెళ్లే దారిలో చేదుగా ఉండే క్వినైన్ పూస్తే మొదట్లో జిగురుబూజు జంకుతుంది. రోజూ అదే దారిలో వెళ్లి, దానివల్ల ప్రమాదమేమీ లేదని తెలిశాక పట్టించుకోవడం మానేస్తుంది. అంటే అలవాటు పడుతుంది. అంటే... గుర్తుపెట్టుకుంటుంది! మెదడు లేకుండా గుర్తు ఎక్కడ దాచుకుంటుందనేది ఇప్పటికీ ఆసక్తికరమైన ప్రశ్నే. 2019లో ప్యారిస్ జంతు ప్రదర్శనశాల దీన్ని గాజుపెట్టెలో పెట్టి, జిరాఫీల సరసన జనానికి చూపించింది. 2021లో అంతరిక్ష కేంద్రానికి కూడా వెళ్లొచ్చింది. మనూళ్లో మాత్రం చీపురుకే అంకితమైపోతోంది.

కడియంలో పసుపు మచ్చ

ఆ మాట ఊరికే అనడంలేదు. కిందటి వానాకాలం కడియపులంక వైపు ఓ నర్సరీకి మొక్కల కోసం వెళ్లాను. కొబ్బరి పొట్టు బస్తాల పక్కన ఒకామె చేటతో దేన్నో గీకి పారేస్తోంది. దగ్గరికెళ్తే... ఫ్యూలిగో! పచ్చగా, తాజాగా, ఇంకా తడి ఆరకుండా.

"ఇదేంటమ్మా?" అన్నాను, ఏమంటుందో విందామని.

"ఏమో బాబూ, వానలు పడితే ఇలా పొంగుద్ది. కొత్తలో మందు కొట్టేవోరు. ఎంత కొట్టినా మళ్లీ లేచేది. ఇప్పుడు గీకేత్తన్నాం, ఆయ్" అంది. మందంటే శిలీంధ్రనాశిని. బూజనుకుంటారు కాబట్టి బూజుమందు కొడతారు. ఈ జీవి బూజే కాదు కాబట్టి ఆ ఖర్చు మట్టి పాలు.

ఇక్కడ నర్సరీవాళ్లకి పనికొచ్చే మాట ఒకటుంది. జిగురుబూజు మొక్కని తినదు. మొక్కలోంచి రసం పీల్చదు. కుండీలోని కుళ్లిన పొట్టులో బ్యాక్టీరియా తిని, పొడి విడిచే సమయానికి ఎత్తైన చోటు కోసం కాండాన్నో ఆకునో ఎక్కుతుంది, అంతే. బూడిద రంగు చుక్కలు ఆకు మీద కనిపించగానే బూడిద తెగులని కంగారుపడనక్కర్లేదు. వేలితో తుడవండి. మొత్తం ఊడొచ్చి, కింద ఆకు పచ్చగా, మచ్చ లేకుండా ఉందా? అది జిగురుబూజు. నీళ్లతో కడిగితే పోతుంది. రెండు ఎండలు కాస్తే దానంతటదే పోతుంది. పచ్చిక బయళ్ల మీద వచ్చే ఫైసేరం సినేరియం కూడా ఇంతే. పుట్టగొడుగులు పెంచేవాళ్లు మాత్రం జాగ్రత్తపడాలి. గడ్డి బెడ్ల మీదికి పాకిందంటే పుట్టగొడుగుల్ని ఆరగించే జిగురుబూజులున్నాయి. అక్కడ శుభ్రత, గాలి ఆడటం తప్ప దగ్గరి దారి లేదు.

అడవిలో, తోటలో దీని ఉద్యోగం వేరు. రాలిన ఆకుల్నీ పడిన చెట్టునీ కుళ్లబెట్టే బ్యాక్టీరియాని ఇది తింటుంది. తిని, వాటిలో దాగిన పోషకాల్ని మళ్లీ మట్టికి విడుదల చేస్తుంది. దీన్ని తిని బతికే పురుగులూ ఉన్నాయి. ప్రత్యేకంగా దీన్నే నమ్ముకున్న బుల్లి పెంకుపురుగుల తెగ ఒకటుంది. 2005లో ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు వాటిలో కొత్తవాటికి నాటి అధ్యక్షుడు బుష్, ఉపాధ్యక్షుడు చెనీ, రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్‌ల పేర్లు పెట్టారు. గౌరవంగానే పెట్టామన్నారు లెండి.

చక్రవర్తికి మిఠాయి డబ్బాలు

ఇంత చిన్న జీవి కోసం ప్రభుత్వాన్ని ఎదిరించిన మనిషి ఒకాయన ఉన్నాడు. జపాన్‌కి చెందిన మినకత కుమగుసు. 1867లో పుట్టాడు. అమెరికా, ఇంగ్లండ్ తిరిగి, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం పుస్తకాలు నమిలేసి, చివరికి తనాబె అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాడు. పొద్దున లేస్తే జిగురుబూజుల వేటే. ఇంటి పెరట్లోని చెట్టు మీద దొరికిన ఓ కొత్త రకాన్ని లండన్‌లోని గులీల్మా లిస్టర్‌కి పంపితే, ఆవిడ 1921లో దానికి ఆయన పేరు మీదే మినకటెల్లా అని నామకరణం చేసింది. ఈ లిస్టర్ కుటుంబం కూడా గొప్పదే. తండ్రి ఆర్థర్ 1894లో జిగురుబూజుల మీద పెద్ద గ్రంథం రాస్తే, కూతురు దాన్ని తిరగరాసి పెంచింది.

1906లో జపాన్ ప్రభుత్వం చిన్న చిన్న గుళ్లన్నిటినీ పెద్ద గుళ్లలో కలిపేయాలని ఆజ్ఞ జారీ చేసింది. కలిపేసిన గుడి చుట్టూ ఉన్న వందల ఏళ్లనాటి తోపులు కలప వ్యాపారుల పాలయ్యాయి. మినకత ఒంటికాలిపై లేచాడు. పత్రికలకి రాశాడు, అధికారుల్ని తిట్టాడు, 1910లో జైలుకీ వెళ్లాడు. తోపు నరికితే దేవుడొక్కడే కాదు, చెట్టు కింద నీడ, నీడలో తడి, తడిలో బతికే ప్రాణులు అన్నీ పోతాయన్నది ఆయన వాదన. 1920 నాటికి ఆ విధానానికి తెరపడింది. 1929లో చక్రవర్తి హిరోహితో తనాబె వచ్చాడు. ఆయనకీ జీవశాస్త్రం మీద మక్కువే. మినకత ఆయనకి 110 జిగురుబూజుల నమూనాలు కానుకగా ఇచ్చాడు. వేటిలో పెట్టి ఇచ్చాడనుకున్నారు? ఖాళీ క్యారమెల్ మిఠాయి డబ్బాల్లో!

మనకీ వెతికినవాళ్లు లేకపోలేదు. పేరు వినగానే తెలుగు వినిపించే వి.అగ్నిహోత్రుడు 1950ల్లో దక్షిణ భారతదేశపు జిగురుబూజుల మీద వరసగా పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. పంజాబ్ విశ్వవిద్యాలయానికి చెందిన కె.ఎస్.థింద్ 1977లో దేశంలోని మిక్సోమైసీట్లన్నిటినీ ఒక పుస్తకంగా తెచ్చారు. 1981లో లఖన్‌పాల్, ముఖర్జీలు ఇంకోటి రాశారు. వీళ్లెవరి దగ్గరా ఇప్పటి ఫోన్లు లేవు. కనిపించినదాన్ని చెక్కతో సహా కోసి, ఆరబెట్టి, చిన్న పెట్టెలో జిగురుతో అంటించి దాచుకోవడమే. ఆ పెట్టె చాలాసార్లు అగ్గిపెట్టె!

ఇక్కడ నాకో బెంగ. రాజమహేంద్రవరం నుంచి 80 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే మారేడుమిల్లి. వెదురు, బూరుగ, మద్ది, వాగుల పక్కన ఎప్పుడూ ఆరని తడి. ఆ పక్క పాపికొండలు. పోలవరం జలాశయం నిండితే ఆ కొండల అడుగున ఉన్న అడవి కొంత నీళ్లలోకి పోతుంది. ఊళ్ల లెక్క రాశారు, చెట్ల లెక్క రాశారు. చెట్టు బెరడు మీద మిల్లీమీటరు ఎత్తున నిలబడేవాటి లెక్క ఎవరి ఫైల్లో ఉంటుంది? అంత దూరం కూడా అక్కర్లేదు. ఊళ్లోనే చూడండి. పార్కులో రాలిన ఆకుల్ని రాలినట్టే ఊడ్చి, మూలన కుప్పేసి నిప్పు పెట్టేస్తారు. పడిన చెట్టుని మర్నాటికే తీసుకెళ్తారు. శుభ్రత మీద నాకు కోపం లేదు. నడిచే దారి ఊడవండి, కాదనను. గోడ వారన ఓ మూల, ఎవరూ నడవని చోట, రెండు మొద్దులూ గంపెడు ఆకులూ అలా వదిలేస్తే ఏ కమిటీ పరువూ పోదు. పొగ తగ్గుతుంది, ఎరువూ మిగులుతుంది.

గోనెసంచి, టార్చి, ఓపిక

ఫొటో సంగతికొద్దాం. జిగురుబూజుని కెమెరాలో బంధించాలన్న యావ కొత్తదేం కాదు. లండన్‌లో పెర్సీ స్మిత్ అనే ఆయన గంటల తరబడి ఒక్కో ఫ్రేమూ తీసి, వాటిని వేగంగా తిప్పి, పాకే జిగురుబూజుని తెర మీద పరిగెత్తించాడు. 1931లో వచ్చిన ఆ చిన్న సినిమా పేరు 'మ్యాజిక్ మిక్సీస్'. ఇప్పుడైతే ఇంగ్లండ్‌లో బ్యారీ వెబ్ తీసే ఫొటోలకి ప్రపంచమంతా అభిమానులే. క్లోజప్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీల్లో శిలీంధ్రాలకీ జిగురుబూజులకీ కలిపి ఏకంగా ఒక విభాగమే ఉంది. ఆస్ట్రేలియాలో తాస్మానియా దీవికి చెందిన శారా లాయిడ్ కథ నాకు మరీ ఇష్టం. తన ఇంటి చుట్టూ ఉన్న అడవినే రోజూ తిరిగి, వందకు పైగా జాతుల్ని పట్టుకుని, 2014లో పుస్తకం రాసింది. ఎక్కడికో వెళ్లలేదు. ఉన్నచోటే వంగి చూసింది.

వాళ్ల లెన్సుల ధర విని నీరుగారిపోకండి. ఫోన్‌కి తగిలించే క్లిప్ మ్యాక్రో లెన్సు మొదలుపెట్టడానికి చాలు. కూర్చోవడానికి గోనెసంచి, ఓ టార్చి, దాని ముందు అడ్డం పెట్టడానికి తెల్ల టిష్యూ కాగితం. టార్చిని నేరుగా వేస్తే మెరుపు మచ్చలు తప్ప ఏమీ రావు. పక్కనుంచి, కాగితం చాటునుంచి వేస్తే గుండ్రదనం తెలుస్తుంది. చేతులు వణుకుతాయి కాబట్టి ఫోన్‌ని ఓ ఇటుక మీదో ఇసుక నింపిన సంచి మీదో ఆనించండి. ఇంత దగ్గరగా తీసేటప్పుడు స్పష్టంగా వచ్చే మందం మిల్లీమీటరు కూడా ఉండదు. తల వస్తే కాడ రాదు, కాడ వస్తే తల రాదు. అందుకే అనుభవజ్ఞులు ఫోకస్‌ని వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ ఇరవయ్యో యాభయ్యో ఫొటోలు తీసి, కంప్యూటర్లో అన్నిటినీ కలిపి ఒకటి చేస్తారు. దాన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. గాలి వీస్తే మొత్తం మళ్లీ మొదటికి! గొడుగు పట్టుకునే స్నేహితుడొకరుంటే మంచిది, కబుర్లు చెప్పని స్నేహితుడైతే మరీ మంచిది.

ఎప్పుడు వెళ్లాలంటే, జూన్ చివర మొదలుకుని అక్టోబరు దాకా, గట్టి వాన వెలిసిన రెండు మూడు రోజులకి. కార్తీక వనభోజనాలప్పుడు కూడా ఓ కన్నేయొచ్చు. పిల్లలకి ఉసిరి చెట్టు కింద భోజనాలయ్యాక పేకాట కన్నా ఇదే సరదా. కొబ్బరి మొద్దులు, అరటి బోదెలు, రాలిన తాటాకులు, కుళ్లిన మామిడి కొమ్మలు... గోదారి జిల్లాల్లో వీటికి కొదవా? కనిపించగానే ఫొటో తీసి ఊరుకోకుండా, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు తీయండి. రంగు మారుతుంది, ఆకారం మారుతుంది, ఒక్కోసారి మర్నాటికి మొత్తం పొడైపోతుంది. ఏ చెక్క మీద, ఏ తేదీన, ఏ ఊళ్లో అన్నది రాసి ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో ఐనేచురలిస్ట్‌లోనో పెడితే తెలిసినవాళ్లు పేరు చెప్తారు. కొన్నిటి పేరు ఫొటోతో తేలదు, సిద్ధబీజాల్ని మైక్రోస్కోపులో చూడాల్సిందే. పాపికొండలు జాతీయ ఉద్యానం, అక్కడ్నుంచి పుల్ల కూడా తేకూడదు. ఫొటోతో సరిపెట్టుకోండి. పొడిగా ఎగిరే రకాల మీద ముఖం పెట్టి ఊదకండి, ఆస్తమా ఉన్నవాళ్లు అసలే వద్దు.

వానలు లేవా? ఇంట్లోనే పండించొచ్చు. ఈ కిటుకు 1933లో బయటపడింది. అమెరికాలో అయోవాకి చెందిన గిల్బర్ట్, మార్టిన్ అనే ఇద్దరు, బతికున్న చెట్టు బెరడుని తడిపి నాచు కోసం చూస్తుంటే దాని మీద జిగురుబూజులు మొలిచాయి. అప్పట్నుంచీ ప్రపంచమంతా ఇదే పద్ధతి. మూతున్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, అడుగున టిష్యూ కాగితం పరిచి, చెట్టు నుంచి ఊడిన ఎండు బెరడు ముక్కలు పేర్చి, మునిగేలా కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. మర్నాడు నీళ్లు ఒంపేసి మూత వదులుగా పెట్టి, ఎండ తగలని కిటికీలో ఉంచండి. ఆరిపోతుంటే నీళ్లు చిలకరించండి. రోజూ భూతద్దంతో చూడాలి. రెండో వారం నుంచి నాలుగో వారం దాకా ఎప్పుడైనా లేవొచ్చు, అసలు లేవకనూ పోవచ్చు.

మా ఇంట్లో ఇప్పుడు మూడు డబ్బాలున్నాయి. వేప, మామిడి, కొబ్బరి. "ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకురా నాయనా" అని అమ్మ ముందే హెచ్చరించింది. వేపలో బూజు తప్ప ఏమీ రాలేదు. కొబ్బరిలో ఓ పురుగు పుట్టి తిరుగుతోంది. మామిడి బెరడు మీద పదిహేడో రోజు పొద్దున తెల్లటి చుక్కలు అయిదు. రాత్రికి వాటికి కాళ్లొచ్చాయి.